ఆరనీ మేస్త్రి బెంచీ

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం దానితో ఎవరికీ అవసరం పడలేదు. చెక్కపని చేస్తాడు కాబట్టి మేస్త్రి. ఏది అడిగినా ముందు ‘ఆరనీ’ అంటాడు కాబట్టి ఆరనీ మేస్త్రి. కిటికీ తలుపులు ఎప్పుడిస్తావయ్యా అంటే, ఆరనీ. కుర్చీకి ఇంకో పూత వేసెయ్యరాదా అంటే, ఆరనీ. తొందరలో ఉన్నవాళ్ళకు ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది. అయినా తిట్టుకుంటూనే ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన చేసిన కిటికీలు ఎన్ని వానలు పడినా ఉబ్బేవి కావు, బిగుసుకుపోయేవి కావు.

మార్కెట్టు కింద, ఇళ్ళు పైన, మధ్యలో మోకాళ్ళు విరగ్గొట్టే ఎత్తువీధి. దాని అడుగున ఆయన షెడ్డు. లోపలికి అడుగు పెట్టగానే ముక్కుకు తగిలేది అవిసె నూనె వాసన. గోడవారన పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి గానీ ఒకదానికొకటి ఆనవు. మధ్యమధ్య సన్నటి పుల్లలు పెట్టి గాలి ఆడేలా ఉంచుతాడు. చెక్క మీద పాలిథీన్ కప్పితే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది.

"వానలో తడిస్తే చెక్కకేం కాదయ్యా. తడిశాక ఆరనివ్వరు చూడు, అప్పుడు చస్తుంది. చెమటపట్టిన మనిషికి ముక్కూ నోరూ మూసి దుప్పటి కప్పితే ఏమవుతాడు?" అనేవాడు.

ఒకసారి ఎవరో కొత్త తలుపు చట్రానికి పాలిథీన్ చుట్టి వాకిట్లో నిలబెట్టుకున్నారు. దారిన పోతున్న ఈయన ఆగి, ఇంటివాళ్ళను ఒక్క మాటైనా అడగకుండా, దాన్ని విప్పి అవతల పారేశాడు. ఇంటావిడ బయటికొచ్చి దొంగ దొంగ అని కేకలు పెట్టింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ పట్టుదల ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉన్నప్పుడు కలప డిపోలో పనిచేశాడు. అక్కడ ఒక పెద్ద తొట్టి, తొట్టి నిండా పచ్చటి మందు నీళ్ళు. స్తంభాలనూ పలకలనూ అందులో ముంచి తీస్తే ఇక పురుగు ముట్టదు, బూజు పట్టదు. పురుగును చంపే మందు మనిషిని మాత్రం ముద్దు పెట్టుకుంటుందా అని ఎవరూ అడగలేదు. చేతులకు తొడుగులు ఇచ్చారు గానీ అవి వేసుకుంటే పని సాగదని మేకుకు తగిలించి ఉంచేవారు.

భార్య ఆయనకు అక్కడే పరిచయమైంది. తడి పలకలను దొంతర పెట్టే పని ఆవిడది. ఈయన రోజంతా కలిపి మాట్లాడే మాటలు ఆవిడ ఒక్క గుక్కలో మాట్లాడేసేది. పెళ్ళయిన కొత్తలో డిపోలో మిగిలిన తుండుముక్కలను ఆయన గోనెసంచిలో నింపుకుని ఇంటికి తెచ్చేవాడు. వాటిని ఎవరైనా తీసుకుపోవచ్చు, వద్దనేవాళ్ళు లేరు. కిటికీ కూడా సరిగా లేని వంటగదిలో ఆవిడ వాటితోనే పొయ్యి రాజేసేది. మంట అంచున ఒక్కోసారి ఆకుపచ్చ రంగు మెరిసేది.

"చూడవయ్యా, మన పొయ్యికి ఎంత సింగారమో!" అని మురిసిపోయేది. ఆయన కూడా పక్కన చతికిలబడి చూసి మురిసిపోయాడు.

కలప డిపో మనుషులు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. ఆ ముక్కలు పొయ్యిలో పెట్టకండర్రా, పొగ విషం అని తొట్టి దగ్గరే పనిచేసే పెద్దాయన చెప్పేనాటికి వాళ్ళ కూతురు ఆ వంటగదిలోనే పాకుతూ తిరుగుతోంది. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న ముక్కలన్నీ మూటగట్టి, తీసుకెళ్ళి డిపో గేటు దగ్గర పడేసి వచ్చాడు. మళ్ళీ ఆ పనిలోకి పోలేదు.

పిల్లకు ఏమీ కాలేదు. చాలా ఏళ్ళ తర్వాత భార్యకు ఆయాసం మొదలైంది. ఆ పొగే కారణమని డాక్టరు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. మేస్త్రి మాత్రం తీర్పు తనకు తనే చెప్పేసుకున్నాడు. సంచి మోసుకొచ్చిన చేతులు నావే కదా అని లోలోపల కుమిలిపోయేవాడు, పైకి ఒక్క ముక్క అనేవాడు కాదు.

డిపో మానేశాక మేనమామ దగ్గర చేరాడు. ఆయన పడవలు చేసేవాడు. విషం లేకుండా చెక్కను చివికిపోకుండా చూసుకోవడం ఈయన అక్కడే నేర్చుకున్నాడు. అందులో మాయామర్మం ఏమీ లేదు. చేవ ఉన్న కర్ర ఏరుకోవాలి, బెరడు పక్కనుండే తెల్లచెక్క పురుగుకు విందుభోజనం. నేలను తాకే కొసలను నిప్పుల మీద తిప్పుతూ పైపైన బొగ్గయ్యేదాకా కాల్చాలి. బొగ్గును బూజు తినదు. గోరువెచ్చటి అవిసె నూనె పట్టించి, తాగినంత తాగనిచ్చి, మిగిలింది శుభ్రంగా తుడిచెయ్యాలి. దానిమీద తేనెమైనం. ఎక్కడా నీరు నిలవకుండా కాస్త వాలు పెట్టాలి. ఏడాదికోసారి మళ్ళీ నూనె. ప్రతి పనికీ నడుమ ఒక ‘ఆరనీ’. అంతే.

నూనె గుడ్డల సంగతి మాత్రం మేనమామ చెప్పలేదో, చెప్తుంటే ఈయనే వినలేదో. సొంత షెడ్డు పెట్టిన కొత్తలో భార్య సాయానికి వచ్చింది. మహా శుభ్రం మనిషి. నూనె తుడిచిన గుడ్డలన్నీ పొందిగ్గా మడిచి, బుట్టలో కుక్కి, మూత పెట్టింది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి బుట్టలోంచి పొగ!

"ఎప్పటినుంచి మొదలెట్టావయ్యా ఈ సిగరెట్లు? నాకు తెలియకుండా కాల్చి, తీసుకొచ్చి నా బుట్టలో పడేస్తావా?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

జన్మలో సిగరెట్టు ముట్టని ఆ మనిషి లబోదిబోమంటూ నీళ్ళు తెచ్చి కుమ్మరించాడు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుందనీ, గుడ్డలు కుక్కిపెడితే ఆ వేడి బయటికి పోయే దారిలేక వాటంతటవే అంటుకుంటాయనీ ఆ రోజు ఇద్దరికీ తెలిసొచ్చింది. అప్పటినుంచి నూనె గుడ్డల పెత్తనమంతా ఆవిడే తీసుకుంది. షెడ్డు ముందు తీగ కట్టి, ఒక్కొక్క గుడ్డనూ విప్పి, పరిచి, ఆరేసేది. ఎదురుగా రంగుల కొట్టాయన అది చూసి కడుపు పట్టుకుని నవ్వేవాడు.

"ఏం బావా, మీ ఇంట్లో చెక్కలకు కూడా స్నానాలు చేయించి బట్టలుతుకుతారా?"

ఇద్దరికీ వరసా వావీ ఏమీ లేదు. కొట్లు ఎదురెదురుగా ఉండి ఉండి బావా బావా అనుకోవడం అలవాటైంది. ఇక సిగరెట్ల నింద మాత్రం మేస్త్రి మీద ఏనాటికీ పూర్తిగా పోలేదు. ఆవిడకు సరదా పుట్టినప్పుడల్లా నలుగురి ముందూ దాన్ని మళ్ళీ పైకి తీసేది.

ఆయాసం ముదిరాక ఎత్తువీధి ఎక్కడం ఆవిడకు గండమైపోయింది. సగం దూరంలో ఒక మలుపు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఎంతటివాళ్ళకైనా ఊపిరి అందదు. సంచులు కిందపెట్టి, పక్కనున్న పొట్టిగోడ పట్టుకుని నిలబడతారు. కూర్చుందామంటే ఏమీ లేదు. ఒక సాయంత్రం ఆవిడ ఆ గోడ పట్టుకుని రొప్పుతోంది. అటుపక్క బట్టల మూట పెట్టుకుని ఇస్త్రీ పెద్దమ్మ కూడా రొప్పుతోంది. పెద్దమ్మకు మార్కెట్టు దగ్గర ఇస్త్రీ కొట్టు, బట్టలు ఇళ్ళకు చేర్చేది కూడా ఆవిడే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వబోయారు, నవ్వడానికి కూడా ఊపిరి చాల్లేదు.

మేస్త్రి భార్య ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీసింది.

"ఊరందరికీ చేసిపెట్టావు. నాకేం చేసిపెట్టావయ్యా?"

"ఏం కావాలో చెప్పు."

"మలుపు దగ్గర ఒక బెంచీ. నా ఒక్కదానికే కాదు, రొప్పేవాళ్ళందరికీ. రెండు పక్కలా చేతులుండాలి, ఆనుకుని లేవాలి కదా. గట్టిగా ఉండాలి. నేను పోయాక కూడా ఉండాలి."

"పోవడమేంటి?"

"సరేలే, పోకపోయినా ఉండాలి. ఇంకోటి, ఆ పచ్చమందు చుక్క కూడా తగలకూడదు. పిల్లలు దానిమీద చేతులు పెడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు."

కాపురానికొచ్చిన నాటినుంచి ఆవిడ ఆయన్ను అడిగింది అదొక్కటే. అంతకుముందే డాక్టరు కూతుర్ని పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. కూతురు చొక్కాలు కుట్టే చోట పనిచేస్తుంది, అమ్మానాన్నలతోనే ఉంటుంది. ఆ మాట ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ తెలియనట్టే తిరుగుతున్నారు. నూనె ఆరడానికి రోజులు కావాలి. ఆవిడ వచ్చి కూర్చోవాలి. ఈ రెండూ కుదిరేటన్ని రోజులు మిగిలున్నాయో లేదోనని మేస్త్రికి దిగులు పట్టుకుంది.

కూల్చేసిన పాత గిడ్డంగి నుంచి ఒక దూలం సంపాదించాడు. రంపం దిగేసరికి లోపల ముదురు రంగు చేవ బయటపడింది.

"ఇది మనిద్దరికంటే ముదురు," అంది ఆవిడ. పని చూడటానికి రోజూ కూతురు చెయ్యి పట్టుకుని షెడ్డుకు దిగివచ్చేది, సాయంత్రం ఎవరో ఒకరి బండిలో ఇంటికి చేరేది. ముతక నూలు శాలువా ఒకటి ఒంటి చుట్టూ కప్పుకుని స్టూలు మీద కూర్చునేది. బెంచీ కాళ్ళ కొసలు కాల్చే రోజున, పొగ తగలకూడదని మేస్త్రి ఆ స్టూలు గాలి వచ్చే వైపుకు జరిపాడు. అది చాలదన్నట్టు ఇంకాస్త దూరం జరిపాడు. ఆవిడ మంటకేసి కాసేపు చూసింది.

"భయపడకు. ఈ మంటలో పచ్చ లేదులే," అంది.

ఇన్నేళ్ళలో ఆ పొయ్యి ప్రసక్తి వాళ్ళిద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. ఆయన చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది.

"కాలిపోతోంది చూసుకో, తిప్పు," అంది ఆవిడ.

ఆయన తిప్పాడు.

కాలిన కాళ్ళను ఇనుప బ్రష్షుతో రుద్ది నూనె పట్టించాడు. కూర్చునే పలకల మధ్య వాన నీళ్ళు జారిపోయేలా సందులు వదిలాడు. చేతులకు రెండింటికీ కంటికి కనపడనంత వాలు పెట్టాడు. కోసిన కొసలు నూనెను అన్నిటికంటే ఎక్కువ తాగుతాయి, వాటికి మళ్ళీ మళ్ళీ పట్టించాడు. ఇంతలో ముసురు పట్టింది. గాలిలో తేమ ఉంటే అవిసె నూనె ఓ పట్టాన ఆరదు. ఆయన పొద్దున్నే లేచి వేలితో తాకి చూసుకోవడం, నిట్టూర్చడం. ఇంట్లో ఆవిడ దగ్గు గోడల అవతలికి వినపడుతోంది.

రంగుల కొట్టాయన ఒక డబ్బా తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"బావా, నా మాట విను. ఈ వార్నిష్ పొద్దున పూస్తే సాయంత్రానికి ఖణేల్మని మోగేలా ఆరుతుంది. చెల్లెమ్మ కూర్చుంటుంది. తర్వాత నీ నూనెలు నువ్వు తీరిగ్గా పూసుకుందువుగాని."

అందులో ఎగతాళి లేదు, మంచికోరి చెప్పిన మాట. మేస్త్రికి ఆశ పుట్టింది. డబ్బా మూత తీశాడు. వాసన గుప్పున కొట్టి, ఆయనకే దగ్గొచ్చింది. కాసేపు డబ్బా ముందు నిలబడి, మూత బిగించి, తనే రోడ్డు దాటి ఇచ్చేసి వచ్చాడు.

"వద్దులే బావా. తొందరపడి ఇంటికి మోసుకొచ్చిన కట్టెలు చాలు," అన్నాడు. రంగుల కొట్టాయనకు ఆ మాట అర్థం కాలేదు గానీ, ఆ ముఖం చూసి డబ్బా లోపల పెట్టేశాడు.

ముసురు విడిచింది. మలుపు దగ్గర రాళ్ళు పరిచి, వాటి మీద కాళ్ళు ఆనేలా బెంచీ నిలబెట్టారు. ఆఖరి పూత అక్కడే వేస్తున్నాడు. బెంచీ కుడిచేతికి నూనె పట్టించి ఇంకా తుడవలేదు, పైనుంచి కూతురు పిలుపు వినపడింది. ఆ పిలుపులోని కంగారు వినగానే గుడ్డ అక్కడే పరిచి పరిగెత్తాడు. ఆవిడకు ఊపిరి ఆగి ఆగి వస్తోంది. తెల్లారేసరికి గండం గడిచింది. తుడవకుండా వదిలేసిన నూనె మాత్రం బెంచీ చేతి మీద జిగురుగా పేరుకుపోయింది. పని నేర్చుకున్నాక అటువంటి పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

"నన్ను బెంచీ దగ్గరికి తీసుకెళ్ళండి," అంది ఆవిడ పొద్దున్నే.

తండ్రీ కూతుళ్ళు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చెరోపక్కా పట్టుకుని మలుపుదాకా దించారు. మేస్త్రి బెంచీ కుడిచేతి మీద వేలు పెట్టి చూశాడు. వేలు అంటుకుంది.

"ఆరనీ," అన్నాడు అలవాటు చొప్పున.

"అది ఆరేలోపు నేనే ఆరిపోయేలా ఉన్నానయ్యా," అంది ఆవిడ. అని, తన మాటకు తనే నవ్వింది. కూతురు గోడ వైపు తిరిగిపోయింది.

ఆవిడ శాలువా కొంగు బెంచీ చేతి మీదికి లాక్కుని, దానిమీద అరచెయ్యి ఆనించి, మెల్లిగా కూర్చుంది. వీపు ఆనించింది. కళ్ళు మూసుకుంది.

"బాగుంది. వీపుకు ఎక్కడా గుచ్చుకోవడం లేదు," అంది.

ఇస్త్రీ పెద్దమ్మ మూట మోసుకుంటూ ఎక్కి వచ్చింది. ఆవిడ కూడా పక్కన కూలబడింది. ఇద్దరూ మార్కెట్టు కబుర్లు చెప్పుకున్నారు. సిగరెట్ల కథ కూడా వచ్చింది. మేస్త్రి పొట్టిగోడ మీద కూర్చుని అంతా విన్నాడు. ఆ పూట ఆయనకు ఎంత సంతోషంగా ఉందో అంత భయంగానూ ఉంది.

లేచేటప్పుడు శాలువా బెంచీ చేతికి అంటుకుపోయింది. లాగితే చిన్న చప్పుడుతో ఊడివచ్చింది. జిగురు నూనె మీద ఆవిడ అరచెయ్యి, ఐదు వేళ్ళు, ఆ వేళ్ళ నిండా శాలువా నేత గళ్ళు అచ్చుపడి ఉన్నాయి.

"అయ్యో, నీ పనితనమంతా పాడుచేశాను!"

"ఏం కాదు. రేపు రుద్దేసి మళ్ళీ పట్టిస్తాను."

"అప్పుడే రుద్దకు," అని, అచ్చం మొగుడి గొంతు పెట్టి, "ఆరనీ," అంది ఆవిడ.

ఆ నూనె ఆరకముందే ఆవిడ పోయింది.

తర్వాత మేస్త్రి ఆ బెంచీని చూసిన తీరు మారిపోయింది. నూనె గట్టిపడింది, దానితో పాటు ఆవిడ చెయ్యి గుర్తు కూడా గట్టిపడి నిలిచింది. పొద్దున షెడ్డుకు దిగుతూ ఒకసారి, సాయంత్రం ఎక్కుతూ ఒకసారి దానిమీద తన చెయ్యి పెట్టేవాడు. ఏడాది తిరిగి నూనె పట్టించే రోజు వచ్చింది. కాళ్ళకు పట్టించాడు, పలకలకు పట్టించాడు, ఎడమచేతికి పట్టించాడు. కుడిచేతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. కొత్త నూనె పడితే గళ్ళు పూడుకుపోతాయి. గుడ్డ వెనక్కి తీసుకున్నాడు.

మరుసటి ఏడాదీ అంతే. నూనె లేని చోట చెక్క తెల్లబారడం మొదలైంది. వానకు ఆ గుర్తు అరిగిపోతుందేమోనని ఆయనకు బెంగ పుట్టింది. అప్పుడు ఏం చేశాడో తెలుసా? తన చేతులతో తనే ఒక పాలిథీన్ ముక్క తెచ్చి, బెంచీ కుడిచేతికి చుట్టి, పురికొసతో బిగించి కట్టాడు. పరాయి వాకిట్లో చట్రానికి చుట్టిన పాలిథీన్ పీకి పారేసిన మనిషి! రంగుల కొట్టాయన సరుకు మోయించుకుంటూ మలుపు ఎక్కి వచ్చి అది చూశాడు. చూసి, ఒక్క వేళాకోళం కూడా ఆడకుండా తల దించుకుని పోయాడు.

వానాకాలం వెళ్ళినా కట్టు విప్పలేదు. కూర్చునేవాళ్ళతో "అటు చెయ్యి వెయ్యకండమ్మా," అనేవాడు. జనం ఎడమ అంచున ఒదిగి కూర్చోవడం నేర్చుకున్నారు.

"నాన్నా, అమ్మ అడిగింది బెంచీ. అద్దాల బీరువా కాదు," అంది కూతురు ఒకరోజు.

"నీకు తెలీదులే," అన్నాడు ఆయన. ఆ పిల్లకు తెలియకపోవడమేమిటి, పోయింది ఆమెకు తల్లి కాదా? కానీ దుఃఖంలో ఉన్న మనిషికి తనకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు ఎవరూ కనపడరు.

ఇంకో వానాకాలం కూడా అలాగే గడిచింది. వానలు వెలిసిన ఒక ఉదయం ఆయన షెడ్డుకు దిగుతున్నాడు. మలుపు దగ్గర ఇస్త్రీ పెద్దమ్మ కూర్చుని ఉంది. లేవబోతూ, మూట బరువుకు ఊతం కావాల్సి, పాలిథీన్ మీదే గట్టిగా చెయ్యి ఆనించింది. మెత్తటి చప్పుడొకటి వచ్చి బెంచీ చెయ్యి ముందుకు ఒరిగిపోయింది. పెద్దమ్మ మోకాళ్ళ మీద పడింది. ఇస్త్రీ చేసిన చొక్కాలు వీధి పొడుగునా దొర్లాయి.

మేస్త్రి పరుగున వచ్చి లేవదీశాడు.

"దెబ్బ తగిలిందా పెద్దమ్మా?"

"నాకేం కాలేదు నాయనా, తోలు గీరుకుంది అంతే. దీనికేమైంది? నీ చేతిపని ఇలా అవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదే!"

పురికొస విప్పాడు. పాలిథీన్ లోపలంతా నీటి బొట్లు. కింద చెక్క నల్లగా చెమర్చి ఉంది. అతుకు దగ్గర తెల్లటి బూజు దారాలు పాకాయి. బొటనవేలి గోరు ఆనిస్తే మెత్తగా లోపలికి దిగింది. ఎంత చేవ ఉన్న కర్రయినా ఊపిరాడనివ్వకపోతే ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? చెయ్యి గుర్తు ఇంకా ఉంది, మసకగా, ఆ కుళ్ళు మీదే. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయి, చొక్కా చేత్తో ముఖం కప్పుకుని, వీధిలో జనం చూస్తుండగా ఏడ్చాడు. ఆవిడ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. పెద్దమ్మ చొక్కాలన్నీ ఏరుకుని వచ్చి, పక్కన కూర్చుంది.

పాడైన ముందు భాగాన్ని అదే రోజు కోసి తీసేశాడు. గిడ్డంగి దూలంలో మిగిలిన ముక్క షెడ్డులో ఉంటే దాన్ని సరిపడా చెక్కి అతికాడు. వెనక భాగం గట్టిగానే ఉంది. కొత్త ముక్కకూ దానికీ కలిసేలా చిత్రిక పట్టాలి. చిత్రిక పడితే మిగిలిన ఆ కాస్త అరచెయ్యి కూడా పోతుంది. పనిముట్టు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ గట్టిగా ఉండాలంది. ఆనుకుని లేవాలి కదా అంది. నా గుర్తు దాచిపెట్టమని మాత్రం అనలేదు. చిత్రిక ఆనించి లాగాడు. ఉంగరంలా చుట్టుకున్న పొట్టు కిందపడింది.

చెక్క పూర్తిగా ఆరేదాకా ఆగాడు. నూనె వెచ్చబెట్టి మలుపు దగ్గరికి తెచ్చుకున్న పూట, కూతురు పైనుంచి దిగివచ్చింది. చేతిలో తల్లి శాలువా ఉంది.

"గుడ్డ కావాలి కదా నాన్నా."

"ఇదా?"

"నూనె మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. పెట్టెలో పెడితే వాసన పట్టేస్తోంది. దీనికీ కాస్త గాలి తగలాలి."

సగానికి చించి, ఒక ముక్క ఆయనకిచ్చి, ఒకటి తను తీసుకుంది. ఆయన బెంచీ కుడిచేతికి నూనె పట్టించాడు. శాలువా నేత అరచేతికి గరుగ్గా తగులుతోంది. ఆమె బెంచీ ఎడమచేతికి పట్టించింది. తాగినంత తాగనిచ్చి, మిగిలిందంతా ఇద్దరూ శుభ్రంగా తుడిచేశారు. నూనె గుడ్డలు రెండింటినీ మేస్త్రి మడతలు విప్పి పొట్టిగోడ మీద విడివిడిగా పరిచాడు. ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్ళు పెట్టాడు. ఒకప్పుడు భార్య ఊపిరి కోసం పట్టుకుని నిలబడ్డ చోటే పరిచానని పరిచాక గానీ ఆయనకు తోచలేదు.

కింది నుంచి మూటతో ఇస్త్రీ పెద్దమ్మ ఎక్కి వస్తోంది. మలుపు చేరేసరికి ఆవిడకు మాట కూడా రావడం లేదు. నిగనిగలాడుతున్న బెంచీని చూసింది, పక్కనున్న మేస్త్రినీ చూసింది, ఆయన సంగతి తెలుసు కాబట్టి గోడ వైపు తిరగబోయింది.

"కూర్చో పెద్దమ్మా," అన్నాడు.

"ఇంకా ఆరినట్టు లేదే నాయనా. నూనె అంటుతుందేమో."

కూతురు తండ్రి ముఖంలోకి చూసింది.

"అంటనీ," అన్నాడు మేస్త్రి.

పెద్దమ్మ బెంచీ కుడిచేతి మీద అరచెయ్యి ఆనించి, బరువంతా దానిమీద వేసి, కూర్చుంది.